తాత మేడ మీద రెండున్నర సెకన్లు

మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. డల్లాస్ దగ్గర పుట్టి పెరిగింది. దానికి వచ్చిన తెలుగంతా తిను, పడుకో, అరవొద్దు, తాతకి హాయ్ చెప్పు, అంతే. తప్పు దానిది కాదు. ఇంట్లో నేను తెలుగు వాడింది పనులు చెప్పడానికి, కోప్పడటానికి. ఏదైనా విడమరిచి చెప్పాల్సి వస్తే నాకు తెలియకుండానే ఇంగ్లీషులోకి వెళ్లిపోయేదాన్ని. మూడేళ్లు ఆదివారం తెలుగు బడికి పంపితే అక్షరాలు వచ్చాయి, మాట రాలేదు.

పోయిన జూన్‌లో నెల్లూరు జిల్లా కావలి, మా ఊరు వెళ్లాం. మా నాయన హైస్కూల్లో లెక్కల అయ్యవారుగా చేసి రిటైరయ్యాడు. ఇంగ్లీషు చదవగలడు, మాట్లాడాలంటే మొహమాటం. మొదటి వారం తాతా మనవరాలూ ఒకరినొకరు చూసి నవ్వుకోవడమే సరిపోయింది. అది చూస్తుంటే నాకు గొంతు పట్టేసినట్టుండేది.

ఒక సాయంత్రం అది సెలవుల హోంవర్క్ ముందేసుకుని కూర్చుంది. పైకి విసిరిన బంతి ఎప్పుడు నేలకి వస్తుందనే లెక్క. నాయన తొంగిచూసి, "ఇదేంది, 16 యాడ నుంచి వచ్చింది? 4.9 కదా ఉండాల్సింది" అన్నాడు. నేను ఇంగ్లీషులో చెప్పబోతే, "నువ్వుండమ్మా" అని కాగితం లాక్కున్నాడు. కిందికి పడేదాని వేగం సెకను సెకనుకీ 9.8 మీటర్లు పెరుగుతుంది, అందులో సగం 4.9. అడుగుల్లో అదే 32, సగం 16. భూమి లాగే లాగుడు ఒకటే, కొలిచే బద్ద వేరు. దానికి అర్థమైపోయింది. నాయన పాఠం చెప్పినన్నాళ్లూ మీటర్లే, కానీ మా ఊళ్లో ఇంటి స్థలం అంకణాల్లో, గోడ ఎత్తు అడుగుల్లోనే చెబుతారు. "అడుగుల్లోనే చేద్దాం పద" అని దాన్ని మేడెక్కించాడు.

పురికొసకి రాయి కట్టి, పిట్టగోడ మీదుగా చాచిన దాని చేతి దగ్గర నుంచి కిందికి జారవిడిచి కొలిచాడు. 20 అడుగులు. అది టెన్నిస్ బంతిని నిట్టనిలువునా పైకి వేస్తే, బంతి పిట్టగోడ పక్కనుంచి వాకిట్లో పడాలి. నేను ఫోన్‌లో స్టాప్‌వాచ్ పట్టుకున్నాను. నాలుగుసార్లు వేసింది. 2.4, 2.6, 2.5, 2.5. రెండున్నర అనుకున్నాం, గాలి సంగతి వదిలేశాం.

నేలకి తగిలినప్పుడు ఎత్తు సున్నా. రెండున్నర వర్గం 6.25, దాన్ని 16తో హెచ్చిస్తే 100, అన్ని అడుగులు భూమి కిందికి లాగిందన్నమాట. అంటే 20కి రెండున్నర రెట్ల తొలివేగం కలిపితే 100 రావాలి. తొలివేగం సెకనుకి 32 అడుగులు. పిల్ల తన చేతిని తనే తిప్పి తిప్పి చూసుకుంది.

ఎత్తు = 20 + 32 × కాలం − 16 × కాలం². ఎత్తు సున్నా చేసి 4తో భాగిస్తే, 4 కాలం² − 8 కాలం − 5 = 0. విచక్షణి, అంటే మూలాలు ఉన్నాయో లేవో, ఎన్నో తేల్చే సంఖ్య, 64 + 80 = 144. దాని వర్గమూలం 12. మూలాలు రెండు: 2.5, −0.5. అది వెంటనే మైనస్‌ని కొట్టెయ్యబోయింది. నాయన పెన్ను పట్టుకున్నాడు. "ఆగమ్మా. అదేందో చూడు ముందు. రుణ కాలం."

రుణం అంటే ఏంటని నన్ను అడిగింది. అప్పు అన్నాను.

"అర సెకను అప్పా, తాతా?"

ఎవరూ అందివ్వకుండా అది సొంతంగా తెలుగులో అడిగిన మొదటి ప్రశ్న నాకు తెలిసి అదే. నాయనకి అదేమీ పట్టలేదు, లెక్కలో ఉన్నాడు. "బంతి నీ చేతిలోంచి కాదు, నేల మీద నుంచే లేచిందనుకో. నీ చెయ్యి దాటేటప్పుడు 32 ఉండాలంటే, అర సెకను ముందు వాకిట్లో 48తో బయల్దేరి ఉండాల. తిరిగి నేలకి తగిలేటప్పుడూ అదే 48." అది −0.5 పెట్టి చూసుకుంది. 20 నుంచి 16 పోతే 4, ఇంకో 4 పోతే సున్నా. నేను పదో తరగతిలో "కాలం రుణం కాదు కనుక" అని రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఆయన కూతుర్నయి ఉండి ఇది నాకెప్పుడూ తట్టలేదు.

వాకిట్లో 40 అడుగుల కొబ్బరిచెట్టు ఉంది. బంతి దాని మొవ్వు అందుకుంటుందా అని పందెం. ఎత్తు 40 పెడితే విచక్షణి 64 − 80, మైనస్ 16. అందదు. 36 పెడితే విచక్షణి సున్నా, మూలం ఒక్కటే, ఒక సెకను. బంతి ఒక్క క్షణం నిలబడి దిగేది అక్కడే. విచక్షణి అనే మాట అది నాలుగు రోజులు నోట్లో నానబెట్టుకుని తిరిగింది.

శ్రీహరికోట రాకెట్‌కీ ఇదే లెక్కా అని అడిగింది. 1971 అక్టోబరులో అక్కడి నుంచి మొదటి రోహిణి రాకెట్లు లేచినప్పుడు నాయన డిగ్రీ చదువుతున్నాడు. శ్రీహరికోట అప్పుడు నెల్లూరు జిల్లాలోనే ఉండేది, 2022లో తిరుపతి జిల్లాలోకి పోయింది. మంట మండుతున్నంతసేపు ఇది పనికిరాదన్నాడు. ఇంధనం కాలేకొద్దీ రాకెట్ బరువు తగ్గుతుంది, తోపుడు ఉంటుంది. బంతికి చెయ్యి వదిలాక తోసేవాళ్లెవరూ లేరు. దీని మీద అరగంట మాట్లాడుకున్నారు. నన్ను మధ్యలో పిలిచింది రెండుసార్లే.

చిన్నపిల్లకాయలకి పాటలతో తెలుగు నేర్పొచ్చు. పద్నాలుగేళ్ల పిల్లకి, అది బుర్రపెట్టి ఆలోచించే విషయమే తెలుగులో దొరకాలని నాకిప్పుడు గట్టిగా అనిపిస్తోంది.

ఇప్పుడు నాయన వారానికో లెక్క చేత్తో తెలుగులో రాసి వాట్సాప్‌లో ఫోటో పెడతాడు. అది కూడబలుక్కుని చదువుకుంటుంది. మొన్న ఆదివారం వీడియోకాల్‌లో అదే ముందు అందుకుంది: "తాతా, కొబ్బరిచెట్టు కోసం సెకనుకి 36 అడుగుల వేగం చాలు. నేను చేశాను. వచ్చే జూన్ దాకా చెట్టు పెరుగుతుందా?"