కప్పు పిండి అంటే ఎంత పిండి?

మొన్న కేక్ చేశాను. రెసిపీలో మైదా 3 కప్పులు అని ఉంది, 3 కప్పులే వేశాను, చెంచా కూడా ఎక్కువ వెయ్యలేదు. అయినా ఇటుకలా వచ్చింది. ఓవెన్ పాడైందేమో, బేకింగ్ పౌడర్ పాతదేమో అని రెండ్రోజులు వాటినే తిట్టుకుని, చివరికి ఎందుకో అనుమానం వచ్చి, అలాగే 3 కప్పులు మళ్ళీ తీసి తూకం వేస్తే 450 గ్రాములు తూగింది. రెసిపీ రాసినావిడ లెక్కలో కప్పుకి 120, అంటే 360 గ్రాములే. దాదాపు ముప్పావు కప్పు పిండి నాకు తెలీకుండానే ఎక్కువ పడిందన్నమాట.

తప్పు నా చేతిలోనే ఉంది. కప్పుని డబ్బాలో ముంచి తీస్తాను, దాంతో పిండి అణిగిపోతుంది. చెంచాతో వదులుగా నింపి, పైన కత్తితో చదును చేస్తే అదే కప్పులో 120, 125 గ్రాములు పడుతుంది. జల్లించి నింపితే ఇంకా తక్కువ. అందుకే "జల్లించిన పిండి ఒక కప్పు" వేరు, "ఒక కప్పు పిండి తీసుకుని జల్లించండి" వేరు. ఈ రెండూ ఒకటేననుకుని నేను ఎన్ని కేకులు పాడుచేశానో.

"కప్పు ఎన్ని గ్రాములు?" అని అడుగుతుంటారు. దేని కప్పు? కప్పు కొలిచేది చోటుని, గ్రాము చెప్పేది బరువుని. అమెరికన్ కప్పుతో నీళ్ళు 237 గ్రాములు, పంచదార 200, వెన్న 227, కోకో పొడి 85 దాకా, తేనె ఏకంగా 340. పైగా కప్పు కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. అమెరికాది సుమారు 237 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాది 250, జపాన్‌ది 200. ఆస్ట్రేలియా టేబుల్ స్పూన్ 20 మిల్లీలీటర్లు, మిగతా చాలాచోట్ల 15. ఇక టీ తాగే కప్పు సంగతి ఎత్తకండి.

వీటన్నిటికంటే నాకు చిరాకు ఔన్సు. బరువు ఔన్సు 28.35 గ్రాములు, ద్రవాల ఔన్సు సుమారు 29.6 మిల్లీలీటర్లు, పేరు మాత్రం ఒకటే. నీళ్ళకైతే పెద్ద తేడా రాదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. అదే 8 ఔన్సుల తేనె అంటే తూకంలో 227 గ్రాములు, కొలకప్పులో 340.

అలాగని అన్నీ తూకం వెయ్యాలని కాదు. అర చెంచా ఈస్ట్‌కి గ్రాము చొప్పున మాత్రమే చూపించే మామూలు కాటా పనికిరాదు, అక్కడ చెంచానే నయం. ఉప్పు దగ్గర మాత్రం జాగ్రత్త, మెత్తటి ఉప్పు టీ స్పూన్‌కి 6 గ్రాములు తూగితే, పలుకులుగా ఉండే కొన్ని రకాలు అందులో సగమే తూగుతాయి.

ఇప్పుడు ఏ సరుకు కప్పుకి ఎన్ని గ్రాములో నా చార్ట్ నేనే రాసుకున్నాను. ఒక్కో సరుకూ నా కప్పుతో, నేను నింపే తీరులోనే మూడుసార్లు నింపి, తూచి, సగటు తీసి అల్మరా తలుపు లోపల అంటించాను. గ్రాములు ఉన్న రెసిపీ దొరికితే ఆ చార్ట్ జోలికి కూడా పోను.

నిన్న అదే కేక్ 360 గ్రాములతో మళ్ళీ చేశాను. మెత్తగా వచ్చింది. మధ్యలో కాస్త కుంగింది, కానీ అది వేరే గొడవ.