నా ఇంటర్న్‌షిప్ అనుభవం: కోడ్ తక్కువ, రివ్యూ ఎక్కువ

ఫోర్-టూలో, అంటే నాలుగో ఏడాది రెండో సెమిస్టర్‌లో, మాకు క్లాసులు లేవు. ఆ సెమిస్టర్ మొత్తం ప్రాజెక్టు, లేదంటే ఇంటర్న్‌షిప్. జనవరిలో హైదరాబాద్ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోని ఒక పెద్ద కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఇంటర్న్‌గా చేరాను. కంపెనీ సంగతులు బయటపెట్టనని ఎన్‌డీఏ మీద సంతకం పెట్టాను కాబట్టి పేరు చెప్పను. సెలెక్షన్ గురించి కొత్తగా చెప్పేదేం లేదు. ఆన్‌లైన్ టెస్టులో రెండు కోడింగ్ ప్రశ్నలు, తర్వాత వీడియో ఇంటర్వ్యూలు, చివర్లో కాలేజీలో హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) దగ్గర ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం. వీటన్నిటిలో నన్ను ఎక్కువ తిప్పింది ఎన్‌ఓసీయే.

చేరిన రోజే ల్యాప్‌టాప్ ఇచ్చారు గానీ దాంతో ఏమీ చేయలేం. కోడ్ చూడ్డానికి ఒక పర్మిషన్, లాగ్స్ (సిస్టమ్ రాసుకునే రికార్డులు) చూడ్డానికి ఇంకోటి, టెస్ట్ సర్వర్‌కి మరోటి. ఒక్కోదానికి రిక్వెస్ట్ పెట్టాలి, అప్రూవ్ చేసేవాళ్లలో సగం మంది సియాటిల్‌లో ఉంటారు. చలికాలంలో వాళ్లకీ మనకీ పదమూడున్నర గంటల తేడా. మనకు రాత్రి పదిన్నర అయితే వాళ్లకు ఉదయం తొమ్మిది. మార్చిలో వాళ్లు గడియారం మార్చుకున్నాక ఒక గంట తగ్గింది, అదే మహాభాగ్యం అనుకున్నాం. ఈ వెయిటింగ్‌లో ఖాళీగా కూర్చుంటే చాలా టెన్షన్‌గా ఉంటుంది. పక్కవాళ్లంతా కీబోర్డులు టకటకలాడిస్తుంటే మనమొక్కళ్లమే దండగ అనిపిస్తుంది. నిజానికి అందరికీ మొదట్లో అంతే.

మెంటర్‌ది పుణె. నేను 'సార్' అంటే నవ్వి, పేరు పెట్టి పిలవమన్నారు. అలవాటయ్యేదాకా పేరు, సార్ రెండూ లేకుండా వాక్యాలు కట్టుకుని నెట్టుకొచ్చాను. టీమ్‌లో రాజమండ్రి సీనియర్ ఒకావిడ ఉండేవారు. మీటింగుల్లో పేరు, క్యాంటీన్‌లో 'అక్కా'. ఆ ఏర్పాటు ఇద్దరికీ బాగా కుదిరింది.

మా టీమ్ పని కస్టమర్ల ఫోన్లకు నోటిఫికేషన్లు పంపడం. చాలాకాలంగా ఎవరూ ముట్టుకోని ఒక టికెట్ (సరిచేయమని నమోదైన ఫిర్యాదు) ఉంది: తెలుగు మెసేజ్‌లు చివర్లో అడ్డదిడ్డంగా తెగిపోతున్నాయని. 'మీ పార్సిల్ రేపు సాయంత్రంలోగా వస్…' అని ఆగిపోయేది. కొన్నిసార్లు చివర డొల్ల పెట్టె గుర్తు కనిపించేది. 'నువ్వు చదవగలవు కదా' అని మెంటర్ దాన్ని నాకు అప్పగించారు. అక్క అప్పటికే రెండు పెద్ద పనుల మధ్య నలిగిపోతున్నారు.

విషయం ఏంటంటే, కంప్యూటర్ లెక్కపెట్టేది మన అక్షరాల్ని కాదు. 'స్త్రీ' మనకు ఒక్క అక్షరం. అన్ని లిపుల గుర్తులకూ నంబర్లిచ్చే యూనికోడ్‌లో అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, అంటే ఆరు కోడ్ పాయింట్లు (ఆ నంబర్ల పేరు అదే). వాటిని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగువి ఒక్కోటి 3 బైట్లు కాబట్టి మొత్తం 18 బైట్లు. ఇన్ని బైట్ల దగ్గర కట్ చెయ్ అని రాసిన కోడ్‌కి ఇంగ్లిష్‌లో ఏ ఇబ్బందీ రాదు. తెలుగులో మాత్రం ఒత్తు మధ్యలో కత్తెర పడుతుంది.

అక్షరాల హద్దులు చెప్పే లైబ్రరీలు (ఎవరో ముందే రాసిపెట్టిన కోడ్) ఉన్నాయి. మా సిస్టమ్‌లో ఉన్నదాన్ని అడిగితే స్త్రీని మూడు ముక్కలు చేసి ఇచ్చింది: స్, త్, రీ. లైబ్రరీ తప్పేం లేదు, అది పాటించిన రూలే అంత. 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1లో ఆ రూల్ మారింది. తెలుగు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, మలయాళం, ఒడియా లిపుల్లో పొల్లుతో కలిసిన హల్లులు ఒకే ముక్కగా ఉండాలని చేర్చారు. మా లైబ్రరీ వెర్షన్ అంతకంటే పాతది. అప్‌గ్రేడ్ చేస్తే పోలేదా అంటే, దాని మీద ఇంకా చాలా టీమ్‌లు ఆధారపడి ఉన్నాయి, అందరూ టెస్టులు తిప్పుకోవాలి. 'దానికి వేరే టికెట్ పెట్టు, నీ పని ఆపకు' అన్నారు మెంటర్. పెద్ద కంపెనీలో బతకడానికి కావలసిన తెలివి సగం ఆ ఒక్క మాటలోనే ఉందని నా అభిప్రాయం.

కొన్ని లైన్ల కోడ్ కోసం ముందు డిజైన్ డాక్, అంటే ఏం ఎలా చేస్తామో చెప్పే పత్రం, రాయించారు. వీలైతే పదాల మధ్య ఖాళీ దగ్గరే కట్ చేయాలి. మన పదాలు కొన్ని బారెడుంటాయి కాబట్టి అది కుదరకపోతే అక్షరం హద్దు దగ్గర. కత్తెర పొల్లు తర్వాత పడితే వెనక్కి జరిగి ఆ అక్షరం మొత్తాన్నీ వదిలేయాలి. లక్ష్మి, రాష్ట్రం, స్త్రీ అన్నీ టెస్ట్ కేసులయ్యాయి.

నా కోడ్ చదివి చూసే సియాటిల్ వాళ్ల నుంచి రివ్యూ కామెంట్లు రాత్రికి రాత్రి వచ్చి పడేవి. వేరియబుల్ పేర్ల మీద చాలా, ఖాళీ లైన్ల మీద కొన్ని. ఒక్క ప్రశ్న మాత్రం నా పనినే మార్చేసింది: 'పొల్లు తర్వాత కంటికి కనిపించని క్యారెక్టర్ ఉంటే?' ఉంటుంది. 'ఆన్‌లైన్' అని రాసేటప్పుడు న్ తర్వాత రెండు అక్షరాల్ని కలవనివ్వని 'జీరో విడ్త్ నాన్ జాయినర్' అనే కనిపించని క్యారెక్టర్ పెడతాం. లేకపోతే అది 'ఆన్లైన్' అయిపోయి, ల వెళ్లి న కింద ఒత్తుగా కూర్చుంటుంది. దీన్ని టెస్ట్ చేస్తుంటే ఇంకో సంగతి బయటపడింది. మా కోడ్‌కి ముందే నడిచే ఒక ఫంక్షన్ కనిపించని క్యారెక్టర్లన్నిటినీ చెత్త కింద ఊడ్చేస్తోంది. స్పామ్ గాళ్లు ఫిల్టర్లను ఏమార్చడానికి అలాంటివి వాడతారు కాబట్టి దాన్ని పెట్టారు, కారణం సరైనదే. కానీ మన 'ఆన్‌లైన్' కూడా ఆ ఊడ్పులో పోతోంది. భారతీయ లిపుల్లో పొల్లు తర్వాత ఉన్న ఇలాంటి క్యారెక్టర్‌ను మాత్రం వదిలేయమని మార్చాను. టికెట్‌లో లేని ఈ చిన్న మార్పే నాకు అన్నిటికంటే తృప్తినిచ్చింది.

అప్రూవల్ వచ్చినా వెంటనే అందరికీ వెళ్లదు. ఫ్లాగ్ (ఆన్, ఆఫ్ చేసుకునే స్విచ్) వెనక పెట్టి, ముందు ఒక శాతం ట్రాఫిక్‌కి వదిలి, గ్రాఫులు చూస్తూ పెంచుకుంటూ పోవాలి. శుక్రవారం ఎవరూ ఏదీ రిలీజ్ చేయరు. శనివారం ఏదైనా పాడైతే చూసుకోడానికి ఆన్‌కాల్‌లో ఉన్నవాళ్ల శాపనార్థాలు ఎందుకు చెప్పండి.

కాలేజీతో అసలు పేచీ రిపోర్టు దగ్గర వచ్చింది. గైడ్ సార్‌కి స్క్రీన్‌షాట్లు, సోర్స్ కోడ్ అనుబంధం కావాలి. కంపెనీ ఒక్క లైను కూడా బయటికి ఇవ్వదు. చివరికి మేనేజర్ ఒప్పుకున్న అబ్‌స్ట్రాక్ట్, బ్లాక్ డయాగ్రమ్, మిగతాదంతా అందరికీ తెలిసిన యూనికోడ్ సంగతులతో బైండింగ్ చేయించాను. ఈ బేరం చేరిన నెలలోనే మొదలుపెట్టాలి, ఆఖరి వారంలో లీగల్ వాళ్లు దొరకరు. వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ మొదటి ప్రశ్నే 'యాక్యురసీ ఎంత వచ్చింది?' అని. అది మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్టులకు అడిగే ప్రశ్న. ఇది మెషీన్ లెర్నింగ్ కాదండీ అంటే ఆయన ముఖం అదోలా అయింది. బోర్డు మీద స్త్రీ రాసి విడగొట్టి చూపించాక మాత్రం ఆసక్తిగా విని, తన పేరులో ఎన్ని కోడ్ పాయింట్లున్నాయో నాతోనే లెక్కపెట్టించారు.

పీపీఓ, అంటే ఇంటర్న్‌షిప్ చేసిన చోటే ఉద్యోగం ఆఫర్, నాకు వచ్చింది. నా పక్క సీట్లో కూర్చున్న ఇంటర్న్‌కి రాలేదు. అతని పని మీద వచ్చిన రివ్యూలు నావాటికంటే తక్కువేం కాదు, అతని టీమ్‌లో ఆ ఏడాది పోస్టు లేదు, అంతే. పైగా ఇంటర్న్‌షిప్ ఉంది కదా అని వాళ్ల కాలేజీ అతన్ని మిగతా కంపెనీల ప్లేస్‌మెంట్ డ్రైవ్‌లకు కూర్చోనివ్వలేదు. ఇలాంటి రూల్ చాలా కాలేజీల్లో ఉంది. మీ ప్లేస్‌మెంట్ సెల్ ఏమంటుందో ఆఫర్ ఒప్పుకోకముందే, వీలైతే మెయిల్ రూపంలో, అడిగి పెట్టుకోండి.