తాతయ్య చాకు

ఇవాళ ఆదివారం. పొద్దున్నే బాల్కనీలో పాత పేపరు పరుచుకుని తాతయ్య మడత చాకు ముందేసుకున్నాను. అమ్మ రెండుసార్లు టిఫిన్‌కి పిలిచింది. ఇడ్లీలు చల్లారిపోయాయి.

తాతయ్య షిప్‌యార్డులో చేసినన్నాళ్లూ ఇది ఆయన జేబులోనే ఉండేది. ఆయన పోయాక అటకెక్కింది. మా పెదవాల్తేరు ఇంటికి వచ్చే ఉప్పుగాలికి కిటికీ గొళ్లేలే తుప్పు పట్టి రాలిపోతాయి, ఇక పాతకాలపు కార్బన్ స్టీలు ఏం ఆగుతుంది! అసలు తెరుచుకోవడమే మానేసింది. మొన కూడా లేదు. ఎప్పుడో నాన్న దాంతో పెయింటు డబ్బా మూత లేపబోతే విరిగిందట.

బ్లేడు తిరిగే ఇరుసు మేకు దగ్గర వారం రోజులుగా కుట్టుమిషన్ నూనె చుక్కలేస్తూ వచ్చాను. గురువారం రాత్రి కదిలింది. నిన్న సబ్బుతో కడిగి, వెనిగర్‌లో తడిపిన గుడ్డ బ్లేడుకి చుట్టి మూడు గంటలుంచాను. పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే నల్లటి మడ్డి దిగింది. వంటసోడా నీళ్లతో కడిగి, ఆరబెట్టి, 400 నంబరు ఎమరీ కాగితం, తర్వాత 600. తుప్పు తిన్న గుంటలు కొన్ని అలాగే ఉన్నాయి. అవి పోయేదాకా అరగదీస్తే బ్లేడే మిగలదు.

ఇవాళంతా మొన పనే. పదును వైపు నుంచి అరగదీస్తే మొన వీపు వైపుకి జరిగి, మడిచినప్పుడు పిడిలోంచి బయటికి పొడుచుకొస్తుంది. జేబులో పెట్టుకునే వస్తువు కదా, అందుకే వీపు వైపు నుంచే తగ్గించాలి. మోటారు సాన మీదైతే ఐదు నిమిషాల పని. కానీ అంత పల్చటి మొన ఇట్టే వేడెక్కుతుంది. నీలం తిరిగిందంటే అక్కడ ఉక్కు మెత్తబడినట్టే, ఇక పదును నిలవదు. సానరాయి మీద నీళ్లు చిలకరించుకుంటూ చేత్తోనే గంటన్నర రుద్దాను. వేళ్లు పట్టేశాయి.

పిడికి ఒకవైపు చెక్క నిలువునా చీలింది. పాత కిటికీ టేకు ముక్క చెక్కి, పూర్ణా మార్కెట్‌లో కొన్న సన్నటి ఇత్తడి కడ్డీతో రివెట్లు కొట్టాను. రెండోవైపు కూడా మార్చేస్తే జత కుదురుతుందన్నాడు తమ్ముడు. నేను ఒప్పుకోలేదు. ఆ చెక్క మీద తాతయ్య బొటనవేలు ఆనే చోట చిన్న పల్లం ఉంది. ఎన్నేళ్లు పట్టుకుంటే కర్ర అలా అరుగుతుంది! నా వేలు పెట్టి చూశాను. నాకది కాస్త వెడల్పు.

బ్లేడు కొంచెం పక్కలకి ఊగుతోంది. ఇరుసు మేకు తల మీద చిన్న సుత్తితో నాలుగు దెబ్బలు, తెరిచి మూసి చూడటం, మళ్లీ నాలుగు. ఎక్కువైతే బిగుసుకుపోతుందని ఒకటే టెన్షన్. చివరికి ‘టక్’మని మూసుకుంది. వంటింట్లోంచి అమ్మ తల బయటికి పెట్టి చూసింది, ఏమీ అనలేదు.

సాయంత్రం పచ్చి మామిడికాయ కోశాం, ఉప్పూ కారంతో. పులుపుకి బ్లేడు మీద నీలంగా మరక పడింది. తుడిచి కొబ్బరినూనె రాశాను. మరక మాత్రం పోలేదు, ఉండనిచ్చాను.