ముర్రుపాలు

తెల్లవారుజామున 4 గంటలకు నల్లమేక అరుపుకు మెలకువ వచ్చింది. నిన్న సాయంత్రమే దాని పొదుగు బిగిసి, తోక మొదలుకు రెండు పక్కలా గుంటలు పడటం చూసి, ఈ రాత్రికే ఈనుతుందని కొట్టంలో ఎండు చెనక్కాయ కట్టె పరిచి ఉంచాను. వెలుగు రాకముందే మొదట ఒక పోతుపిల్ల, కాసేపటికి ఒక పెంటిపిల్ల పుట్టాయి. పోతుపిల్ల తడబడుతూనే లేచి పొదుగు వెతుక్కున్నది కాని, పెంటిపిల్ల మెడ కూడా ఎత్తలేకపోయింది.

నేను పాలు పిండబోతుంటే అమ్మ ఆపింది. "మాయ పడకముందే పొదుగు ముట్టుకోగూడదురా, ఉండు." ఈనిన తర్వాత కడుపులోంచి మాయ బయటపడేదాకా ఆగాలన్నది కళ్యాణదుర్గం చుట్టుపక్కల మా పెద్దలందరూ చెప్పే మాటే. పోయిన ఏడాది ఆ మాట విని మధ్యాహ్నం దాకా ఆగాను. మూడో రోజున పిల్ల చనిపోయింది. తల్లి కడుపులో ఉండగా మేకపిల్లకు రోగాన్ని తట్టుకునే శక్తి అందదని, అది ఈనగానే వచ్చే ముర్రుపాల నుంచే రావాలని, గంటలు గడిచేకొద్దీ ఆ శక్తిని పీల్చుకునే గుణం పిల్ల పేగులకు తగ్గిపోతుందని పశువైద్యుడు అప్పుడు వివరించారు. ఆ పిల్లను పూడ్చిన చోటు దాటినప్పుడల్లా ఆయన మాటలు గుర్తుకు వస్తాయి. అమ్మ మాటకు ఎదురు చెప్పడం నాకు అలవాటు లేదు, అయినా ఈసారి ఆగలేదు.

పెంటిపిల్ల బొడ్డుకు అయోడిన్ అద్ది, గోనెసంచితో ఒళ్లు తుడిచి, కూరగాయలు తూచే కాటాలో పెడితే 1.8 కిలోలు తూగింది. మొదటి రోజు బరువులో పదో వంతు పాలు పట్టాలి కనుక, 45 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు సార్లని లెక్క వేసుకున్నాను. పసుపుపచ్చగా, జిగటగా ఉన్న ఆ పాలను వేలికి రాసి నోట్లో పెడితే చాలాసేపటికి నాలుక కదిలింది. ఆ కదలిక వేలికి తగిలినప్పుడు కలిగిన సంతోషం ఎలా రాయాలో తెలియడం లేదు. ఎనిమిది గంటలకు మాయ తనంతట తానే పడింది, కుక్కలు లాగకుండా లోతుగా పూడ్చాను.

వంకాయ మడిలోకి వెళ్లేసరికి ఎండ ముదిరింది. ఏడాది మాగిన మేకల ఎరువు వేసిన మడి కావడంతో మొక్కలు ఏపుగానే ఉన్నాయి, కాని అక్కడక్కడా లేత కొనలు వాలిపోయాయి. ఒకటి తుంచి చీల్చితే లోపల లేత గులాబీ రంగు పురుగు. వాలిన కొనలన్నీ వాడిన చోటికి కాస్త కిందుగా తుంచి, దిబ్బలో వేయకుండా కాల్చివేశాను. కరెంటు ఉండగానే డ్రిప్పు వదిలి ఇంటికి వచ్చాను.

రాత్రి నాలుగోసారి పాలు పట్టే వేళకు నాకు కన్ను అంటుకుంది. ఉలిక్కిపడి కొట్టంలోకి వెళితే, అమ్మ పెంటిపిల్లను ఒళ్లో పెట్టుకుని, లాంతరు వెలుగులో సీసా మీది గీతలు చూస్తూ, "నలభై ఐదేనా?" అని అడిగింది.