మరిదిగారి ఫోను

పదకొండు దాటింది. "అమెరికా వస్తువుని ఎవరైనా వద్దంటారా?" అని భోజనాల దగ్గర ఈయన అన్న మాట ఇంకా అరగలేదు, అందుకే ఈ టపా.

వద్దని నేనెప్పుడన్నాను? పనిచెయ్యడం లేదన్నాను, అంతే.

మరిదిగారు అత్తయ్యకి పంపిన ఐఫోన్ 13 సంగతి. స్నేహితుడెవరో వైజాగ్ వస్తుంటే ఇచ్చి పంపారు. అత్తయ్య కళ్లకద్దుకుంది. ఆవిడ పాత ఫోన్లో సిమ్ తీసి ఇందులో వేస్తే "సిమ్ నాట్ సపోర్టెడ్" అంటుంది. నాది వేసినా అంతే. వైఫై ఉంటే ఫోటోలు, వీడియోలు, వాట్సాప్ అన్నీ బ్రహ్మాండం. గడప దాటితే గడియారం.

"ఇంట్లో వైఫై ఉంది కదా, ఇంకేం కావాలి?" అని ఈయన. అత్తయ్య ఆశంతా ఒక్కటే, ఈ ఏడు మా విజయనగరం పైడితల్లి జాతరలో సిరిమాను తిరుగుతుంటే కోట దగ్గర నిలబడి డాలస్‌లో మనవలకి లైవ్‌లో చూపించాలని. ఆ జనంలోకి వైఫై ఎక్కడినుంచి వస్తుంది?

సాయంత్రం మూడు లాంతర్ల దగ్గర షాపులు తిరిగాం. మొదటి షాపు అబ్బాయి ఫోను సరిగ్గా చూడనైనా చూడకుండా "ఐక్లౌడ్ లాక్ మేడం, బోర్డు మార్చాలి" అన్నాడు. పాత ఓనరు తన ఆపిల్ ఐడీ తియ్యకుండా ఇచ్చేస్తే పడే లాక్ అది. అదే పడుంటే అత్తయ్య ఇన్ని ఫోటోలు తీసేదా? నేను ఆ మాటే అంటే, ఆ అబ్బాయి నన్ను వదిలేసి ఈయన వైపు తిరిగాడు. "మీరు చెప్పండి సార్." సారుకేం తెలుసు! వాట్సాప్‌లో వచ్చిన పెళ్లికార్డు తెరవడానికి చిన్నోడిని కేకేసే సారు.

రెండో షాపువాడు కాస్త నయం, విషయం తెలిసినవాడు. ఇది నెట్‌వర్క్ లాక్, చిప్ వేస్తే పనిచేస్తుందన్నాడు. సిమ్‌కి పల్చటి చిప్ ఒకటి అతికించి ట్రేలో పెడతారు. మన సిమ్‌ని ఆ అమెరికా కంపెనీ సిమ్మే అనుకునేలా అది ఫోన్‌ని మభ్యపెడుతుంది. మూడు వేలు.

"అప్‌డేట్ వస్తే?"

"అప్‌డేట్ చెయ్యకండి మేడం."

"ఎన్నాళ్లు?"

"ఎప్పుడూ."

ఈయన అప్పటికే పర్సు తీశారు. చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను. దారంతా మాటల్లేవు.

ఇంటికొచ్చాక చిన్నోడు సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరిచి కిందికంటా లాగాడు. క్యారియర్ లాక్ అన్నచోట "నో సిమ్ రెస్ట్రిక్షన్స్" అని ఉంటే ఏ దేశంలో ఏ సిమ్ అయినా వేసుకోవచ్చు. మనదాంట్లో "సిమ్ లాక్డ్" అని ఉంది. అక్కడ ఫోన్లు చాలావరకు వాయిదాల మీద సిమ్ కంపెనీయే ఇస్తుందట. బాకీ తీరేదాకా ఇంకో కంపెనీ సిమ్ పనిచెయ్యకుండా కట్టేస్తుంది. తీరాక కూడా కొన్ని కంపెనీలు మనం అడిగితేనే విప్పుతాయి. లాక్ తీయించుకునే హక్కు కొన్నవాడికి ఉందని 2014లో ఒబామా సంతకంతో చట్టమే వచ్చిందట. అయినా కంపెనీల షరతులు కంపెనీలవే. బ్రిటన్‌లో అయితే 2021 డిసెంబరు నుంచి లాక్ చేసిన ఫోన్లు అమ్మడమే నిషేధం. అవన్నీ విని ఆ అమెరికా కంపెనీని నోటికొచ్చినట్టు తిట్టాను. డబ్బు తీసుకుని తాళం చెవి దగ్గర పెట్టుకోవడమేమిటి అని.

తిడుతుంటే నాన్న ఫోను గుర్తొచ్చింది.

2003. రిలయన్స్ వాళ్లు 501 రూపాయలు కడితే చాలు, ఫోను చేతిలో పెట్టిన ఏడాది. మిగతాది నెలనెలా. నాన్న వైజాగ్ వెళ్లి తెచ్చారు. సీడీఎంఏ ఫోను, సిమ్మే లేదు, నంబరు ఫోన్లోనే ఉండేది. వేరే కంపెనీకి మారాలంటే ఫోనూ నంబరూ రెండూ వదులుకోవాల్సిందే. (నంబరు మార్చకుండా కంపెనీ మారడం దేశమంతటా 2011లో గానీ రాలేదు.) కట్టేసిన ఫోను అంటే అసలు అదీ. మాకెవరికీ అది పట్టలేదు. పోస్టుకార్డు కన్నా చవగ్గా మాట్లాడొచ్చని నాన్న సంబరం. కార్డు అర్ధరూపాయి, అదే కంపెనీ ఫోనుకైతే నిమిషం నలభై పైసలు. ప్రతి కాల్ అయ్యాక టైము చూసుకుని క్యాలెండరు వెనక రాసేవారు. గజపతినగరం పెద్దమ్మ వాళ్లు మా అక్క వరసమ్మాయి పెళ్లి బయోడేటాలో ఆ నంబరే ఇచ్చారు, మాకు చెప్పకుండా! పెళ్లికొడుకు తరఫువాళ్లు రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేస్తే నాన్న చొక్కా వేసుకుని మరీ మాట్లాడారు. ఆ సంబంధం కుదిరింది కూడా.

ఆ తాళం లేకపోతే 501కి ఫోను ఎవరిస్తారు? రొక్కం పెట్టి కొనాలంటే నాన్న జన్మలో కొనేవారు కాదు. కాబట్టి అమెరికా కంపెనీని అన్ని మాటలనడం అన్యాయమేనేమో.

కానీ కాదులెండి. నాన్న ఫోను నాన్నే వాడుకున్నారు. సముద్రాలు దాటించి ఇంకొకళ్ల చేతిలో పెట్టేముందు ఒక్క మెసేజ్ చేసి లాక్ ఉందో లేదో కనుక్కోవచ్చు కదా.

అసలు చిక్కు ఇంకోటి. ఈ లాక్‌ని ఆ కంపెనీయే తియ్యాలి, అదీ ఖాతా ఉన్న మరిదిగారు అడిగితేనే. అడగాలంటే ముందు బాకీ తీరి ఉండాలి. "నువ్వు పంపిన ఫోను వాయిదాలు కట్టేశావా?" అని తమ్ముడిని ఎవరు అడుగుతారు? ఈయన అడగరట. "వాడేమనుకుంటాడు?" అంటారు. ఆ ఒక్క మాట అడగలేక షాపువాడికి మూడు వేలు ఇవ్వడానికి మాత్రం సిద్ధం. నా చిరాకంతా ఇక్కడే. పరువు డాలర్లలో, ఖర్చు రూపాయల్లో.

నాకా మొహమాటాలేం లేవు. అక్కడ మధ్యాహ్నం కదా అని ఇందాకే తోటికోడలికి వాట్సాప్ పెట్టాను. పది నిమిషాల్లో జవాబు. "అవన్నీ ఎప్పుడో కట్టేశాం అక్కా. అన్‌లాక్ చెయ్యమని అడగాలని ఈయనకి తెలీదు. ఐఎంఈఐ పంపు, ఇప్పుడే రిక్వెస్ట్ పెడతా." ఐఎంఈఐ అంటే ఫోను గుర్తింపు నంబరు. స్టార్ హాష్ సున్నా ఆరు హాష్ కొడితే ఆ పదిహేను అంకెలూ వచ్చాయి, పంపేశాను. రెండ్రోజులు పట్టొచ్చట.

మంచినీళ్లకి లేచిన ఈయనకి చెబితే, "చూశావా, కంగారు పడొద్దని నేను ముందే చెప్పాను" అన్నారు.