కారెక్కనన్న పిల్ల

మూడేళ్ల క్రితం ఇక్కడ అమెరికాలో, ఒక శనివారం రాత్రి పదకొండు దాటాక, మిత్రుల ఇంటి ముందు మా తొమ్మిదేళ్ల అమ్మాయి ఒక చేత్తో కారు తలుపు, మరో చేత్తో తమ్ముడి చెయ్యి పట్టుకుని కదలకుండా నిలబడిపోయింది. "నాన్నా, నువ్వు తాగావు కదా, అమ్మని నడపమను" అంది. సాగనంపడానికి గుమ్మంలోకి వచ్చిన నలుగురైదుగురికీ ఆ మాట స్పష్టంగా వినబడింది. ఒకాయన పెద్దగా నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి. "పెద్దవాళ్లకు ఎదురు చెప్పకూడదని ఎన్నిసార్లు చెప్పాను, ఎక్కు" అన్నాను. ఎక్కింది. మా ఆవిడ ఏమీ అనలేదు. ఇరవై నిమిషాల్లో క్షేమంగా ఇల్లు చేరాం. మర్నాడు పొద్దున "చూశావా, ఏమీ కాలేదు" అని అమ్మాయితో నేను అన్న మాట, ముందు రాత్రి చేసిన పని కన్నా పెద్ద తప్పని ఇప్పుడు అనిపిస్తుంది.

నేను తాగింది రెండే పెగ్గులని నాకు గట్టి నమ్మకం. అయినా పిల్ల మాట మనసులో ముల్లులా గుచ్చుకుంటూ ఉండటం వల్ల, ఆ మధ్యాహ్నం అలాంటి గ్లాసే తీసుకుని, రాత్రి ఎంతవరకు పోసుకున్నానో అంతవరకు నీళ్లు పోసి, వంటింట్లో కొలత గీతలున్న కప్పులోకి ఒంపి చూశాను. మొదటిది 70 మిల్లీలీటర్లు, రెండోది 80. అమెరికాలో ఒక డ్రింకు అంటే 14 గ్రాముల ఆల్కహాలు; నలభై శాతం ఘాటున్న విస్కీలో అది సుమారు 44 మిల్లీలీటర్లకు సమానం. అంటే నేను నోటితో రెండు అంటున్నది లెక్కలో దాదాపు మూడున్నర. కాలేయం గంటకు అటూ ఇటూగా ఒక్క డ్రింకును మాత్రమే కరిగించగలదు. బయలుదేరే ముందు ఆ ఇంటివారు ఆదరంగా ఇచ్చిన కాఫీ నిద్రమత్తును కాస్త ఆపుతుందే తప్ప రక్తంలోని ఆల్కహాలును ఒక్క చుక్క కూడా తగ్గించదు.

నా బరువు, తాగిన సమయం కలిపి లెక్క వేసుకుంటే రక్తంలో మోతాదు 0.06 శాతం దగ్గర తేలింది. అమెరికాలో అధిక రాష్ట్రాల్లో చట్టం గీసిన గీత 0.08, యూటా ఒక్కటే 2018 చివరలో దాన్ని 0.05కి దించింది. మన దేశపు మోటారు వాహనాల చట్టంలో 185వ సెక్షను ప్రకారం వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 మాత్రమే హద్దు. "ఇక్కడ రూల్సు గట్టిగా ఉంటాయి, మన దగ్గర అడిగేవాడెవడు" అని ప్రతి విందులోనూ చెప్పుకునే మనం, అంకెల వరకు చూస్తే అక్కడ నేరమైన దాన్నే ఇక్కడ ధైర్యంగా చేస్తున్నాం. పోలీసులు పట్టుకోరన్నంత మాత్రాన చెయ్యి కుదురుగా ఉంటుందని కాదు, 0.05 దగ్గరే కదిలే వస్తువులను కళ్లు వెంబడించే శక్తి తగ్గుతుంది, స్టీరింగు మీద పట్టు సడలుతుంది.

ఇలాంటి సభల్లో తాగి నడపడం గురించి అసలు మాటే రాదని కాదు. వస్తుంది, కానీ ఎప్పుడూ వీసా రూపంలోనే వస్తుంది. అరెస్టయితే స్టాంపింగు రద్దవుతుందట, గ్రీన్ కార్డుకు అడ్డు పడుతుందట అని గ్లాసు చేత్తో పట్టుకునే ఒకరినొకరు హెచ్చరించుకుంటారు. వీసా రద్దు భయం ఉత్తదేమీ కాదు. అయితే ఆ లెక్కలన్నిటిలో వెనుక సీట్లో నిద్రపోతున్న పిల్లల ఊసు నేను ఒక్కసారీ వినలేదు, నేనూ ఎత్తలేదు. 2001 నుంచి 2010 వరకు ఈ దేశంలో తాగిన డ్రైవర్ల ప్రమేయమున్న ప్రమాదాల్లో చనిపోయిన పదిహేనేళ్ల లోపు పిల్లల్లో దాదాపు మూడింట రెండు వంతుల మంది, ఎవరో తాగి వచ్చి గుద్దిన కార్లలో కాదు, ఆ తాగిన మనిషి నడుపుతున్న కార్లోనే ఉన్నారు. 2009 అక్టోబరులో న్యూయార్కులో పదకొండేళ్ల లియాండ్రా రొసాడో చనిపోయింది కూడా స్నేహితురాలి తల్లి నడుపుతున్న కార్లోనే. ఆ ఏడాదే ఆమె పేరుతో వచ్చిన చట్టం ప్రకారం, పదిహేనేళ్లు లేదా అంతకు తక్కువ వయసున్న పిల్లలను ఎక్కించుకుని తాగి నడిపితే ఆ రాష్ట్రంలో మొదటిసారికే అది ఫెలొనీ, అంటే తీవ్రమైన నేరం. "అన్నా, మావాణ్ణి కూడా మీతో తీసుకెళ్లి దింపేయండి" అని మనం ఎంత తేలిగ్గా అనేస్తామో తలుచుకుంటే ఇప్పుడు భయం వేస్తుంది.

అమ్మాయికి ఆ మాట ఎక్కడిదని తరవాత ఆలోచించాను. తాగినవాళ్లు నడిపే కారు ఎక్కవద్దని, అది ఎవరైనా సరే ఎక్కవద్దని బడిలో చెప్పారట. ఇంట్లో మేం చెప్పింది పెద్దల మాట కాదనకూడదని. ఆ రెండింటిలో ఏది ఎక్కువో తేల్చుకునే భారాన్ని తొమ్మిదేళ్ల పిల్ల మీద, అర్ధరాత్రి, పదిమంది ముందు పెట్టాను. మా ఆవిడ మౌనం సంగతీ అంతే. వారంలో ఐదు రోజులు బడికి, ఈతకు, సంగీతానికి పిల్లలను తిప్పేది ఆవిడే. నాకన్నా జాగ్రత్తగా నడుపుతుంది. అయినా విందు నుంచి తిరిగి వచ్చేటప్పుడు మాత్రం తాళాలు నా జేబులోనే ఉండాలి. "అడిగితే మీకు నలుగురిలో చిన్నతనంగా ఉంటుందని ఊరుకున్నాను" అంది. నా పరువు కోసం ఆ కార్లో ఇద్దరు నోరు మూసుకున్నారన్నమాట.

ఎవరు నడపాలన్నది తాగాక తేల్చుకునే విషయం కాదు, ఎందుకంటే తాగిన బుర్రే తాను బాగున్నానని సర్టిఫికెట్టు ఇచ్చుకుంటుంది. అందుకే ఇప్పుడు ఇంట్లో చెప్పులు వేసుకునే ముందే ఆ సంగతి తేలిపోతుంది, నడిపేవారు ఆ రాత్రి గ్లాసు ముట్టరు. అమ్మాయికి నా తప్పు ఒప్పుకుని, ఎవరి కారైనా సరే, ఆఖరికి నాదైనా సరే, ఎక్కనని చెప్పవచ్చని, ఫోను చేస్తే ఏ వేళైనా వస్తామని చెప్పాను.

ఈ మార్చిలో చేసింది. స్నేహితురాలి ఇంట్లో పుట్టినరోజు. దింపుతానన్న ఆ పిల్ల తండ్రి చేతిలో సాయంత్రం నుంచీ గ్లాసు ఉందని, "అంకుల్, నేను మా నాన్నతో వెళ్తాను" అని చెప్పి గుమ్మంలో కూర్చుందట. నేను వెళ్లేసరికి ఆయన బయటే నిలబడి ఉన్నారు. "నా మీద అంత నమ్మకం లేదా, బావా" అన్నారు. ఏం చెప్పాలో నాకు తోచలేదు. రెండు చేతులూ పట్టుకుని, మనసులో పెట్టుకోవద్దని మాత్రం అన్నాను. ఆయన ఇప్పటికీ మాతో ముభావంగానే ఉంటున్నారు.