24 బాబిన్లు, ఒక్క ఉరి

లేసు అల్లడం కష్టమని విన్నాను. అల్లిక మొదలుపెట్టక ముందే, ఉత్త దారం చుట్టడం దగ్గరే వారం రోజులు గడిచిపోతాయని మాత్రం అనుకోలేదు.

నేను నేర్చుకుంటున్నది క్రోషే లేసు కాదు, బాబిన్ లేసు. గట్టి దిండు మీద నమూనా కాగితం పరిచి, గుండుసూదులు గుచ్చుకుంటూ, సన్నటి కర్ర బాబిన్లను ఒకదాని మీదుగా ఒకటి దాటిస్తూ మెలిపెడుతూ అల్లేది. ఇందులో బాబిన్లు జంటలుగానే ఉంటాయి. ఒకే దారం, రెండు కొసలకు రెండు బాబిన్లు. మధ్యలో ముడి ఉండకూడదు, ఎందుకంటే ఆ మధ్యభాగాన్నే సూదికి తగిలించి పని మొదలుపెడతాం. నేను ఎంచుకున్నది టార్షన్ అనే బాబిన్ లేసు రకంలో, పుస్తకంలో గుర్తుకు పెట్టుకునే చిన్న పట్టీ. 12 జంటలు కావాలి, అంటే 24 బాబిన్లు.

అన్నీ ఒక్క సాయంత్రంలో చుట్టేశాను. ఎడమచేత్తో బాబిన్ కదలకుండా పట్టుకుని, కుడిచేత్తో దారాన్ని దాని మెడ చుట్టూ గబగబా తిప్పడమే. చుట్టిన దారం విడిపోకుండా చివర్లో ఉరి వేయాలని తెలుసు, వేశాననే అనుకున్నాను. దిండు ఎత్తి ఒళ్లో పెట్టుకున్నానో లేదో, సగం బాబిన్లు బొంగరాల్లా గిర్రున తిరుగుతూ నేలకు దిగిపోయాయి. మిగతావి వాటితో చిక్కుపడ్డాయి. ఆ చిక్కు విప్పే ఓపిక లేక కత్తిరించి పారేశాను.

నేర్పే ఆవిడ ఒక బాబిన్ అందుకుని చూసి నవ్వింది. "నువ్వు ఉరి వేయలేదమ్మా, ఇంకో చుట్టు చుట్టావంతే."

తేడా చాలా చిన్నది. దారాన్ని వేలికి తగిలించి, ఒక మెలిక తిప్పి, ఆ ఉరిని బాబిన్ తల మీదుగా కిందికి దించాలి. బయటికి వెళ్లే దారం ఆ ఉరి కిందే నొక్కుకుపోవాలి. బాబిన్ బరువుకు దారం ఎంత లాగితే ఉరి అంత బిగుస్తుంది. మెలిక అటుదిటు అయిందా, పట్టేదేమీ ఉండదు. బయటికి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, అదే చిక్కు. ఇప్పుడు నేను కంటితో చూసి నమ్మను. వేసిన ప్రతి బాబిన్‌నూ దారం పట్టి వేలాడదీసి, చిన్నగా ఊపి చూస్తాను.

రెండో తప్పు ఇంకా లోతుగా ఉంది. కత్తిరించి పారేసిన దారాన్ని చూస్తే, పోగులు విడిపోయి పీచులా ఉంది. ఆవిడ చెప్పిన కారణం వినగానే ఇంత చిన్న సంగతి తట్టలేదేమా అనిపించింది: బాబిన్ కదలకుండా ఉంచి దారాన్ని దాని చుట్టూ తిప్పితే, ప్రతి చుట్టుకూ దారానికి ఒక పురి ఎక్కుతుంది, లేదా ఒక పురి విడుతుంది. దారానికి ముందే ఉన్న పురి ఎటువైపో, మనం తిప్పేది ఎటువైపో దాన్నిబట్టి ఉంటుంది. నాది విడింది. అందుకే ఆ దారం సూది తగిలితే చాలు రెండుగా చీలిపోతోంది. దారాన్ని తిన్నగా పట్టుకుని బాబిన్‌నే వేళ్ల మధ్య దొర్లించాలి, కండె చుట్టినట్టు. నా బాబిన్ల అడుగున పూసల గుత్తి ఉంటుంది, దిండు మీద దొర్లిపోకుండా. చుట్టేటప్పుడు మాత్రం ఆ పూసలు టకటకా వేళ్లకు కొట్టుకుంటాయి. పూసల్లేని, మొనదేలిన హోనిటన్ రకం బాబిన్ల మీద కాసేపు అసూయ కలిగింది.

ఒకసారి జారిపోయాయి కదా అని భయపడి ఈసారి ఒక్కోదానికి మూడేసి ఉరులు వేశాను. అవి జారలేదు, అసలు కదల్లేదు కూడా. అల్లేకొద్దీ దారం పొట్టిదవుతుంది కాబట్టి మధ్యమధ్యలో వదులుతూ ఉండాలి. బాబిన్‌ను దారానికి అడ్డంగా పట్టుకుని, దారం బిగువు తగ్గకుండా దొర్లిస్తే ఒక్క ఉరి తనంతట తానే జారుతూ దారాన్ని విడుస్తుంది. మూడు ఉరులున్నది విడవదు. నేను బలం చేశాను, దారం సూది దగ్గర తెగింది. రెండో ఉరి పట్టు, రేయాన్ లాంటి నున్నటి దారాలకే పనికొస్తుంది. నూలుకి ఒకటి చాలు. దారం మరీ పొడవైపోతే ఉరిని సూదిమొనతో కొంచెం ఎత్తి పట్టుకుని, బాబిన్‌ను వెనక్కి దొర్లిస్తే సరిపోతుంది.

జంటలో రెండోదాన్ని చుట్టేటప్పుడు ఇంకో తప్పు చేశాను. మొదటి బాబిన్ తల ఎడమవైపు ఉంచి, రెండోదాని తల తెలియకుండానే కుడివైపు పట్టుకున్నాను. చుట్లు ఎదురెదురు దిక్కుల్లో పడ్డాయి. అల్లేటప్పుడు ఒకటి నావైపు దొర్లిస్తే వదులుతుంది, దాని జంట అటు దొర్లిస్తే వదులుతుంది. చేతికి అలవాటు ఎక్కడ పడుతుంది! ఆ జంటలన్నీ విప్పి మళ్లీ చుట్టాను. మెడ నిండుగా చుట్టడం కూడా మానేశాను. దారం గుట్టలా పెరిగితే ఉరి దానిమీదికెక్కి జారిపోతోంది.

పొడవు లెక్క మాత్రం ఇంకా కుదరలేదు. అడ్డంగా అటూ ఇటూ తిరిగే జంట దారాన్ని తినేస్తుంది, నిలువుగా దిగేవి అంత తినవు. నేను అన్నింటికీ సమానంగా చుట్టాను. పట్టీలో నాలుగు సెంటీమీటర్లు మిగిలి ఉండగా, తిరిగే జంటలో ఒక బాబిన్ మెడ మీద కర్ర కనిపించడం మొదలైంది. పక్కన నిలువుగా ఉన్న జంటతో వరస చివర ఒక మెలిక అదనంగా వేసి, రెండింటి పనులూ మార్చేశాను. ఆ చోట అల్లిక కాస్త ఒత్తుగా కనిపిస్తుంది, వెతికితే. ఇప్పుడు ఖాళీ అవుతున్న ఆ బాబిన్ అంచున నిలువు దారంగా దిగుతోంది. మెడ మీద ఇంకా ఐదారు చుట్లున్నాయి.